ఎడమ చక్రం మూడు చుట్లు ఎక్కువ

మా చెన్నరాయునిపల్లెలో ఆ రోజుల్లో అన్నీ రెండేసి ఉండేవి. టీ అంగళ్ళు రెండు, మంగలి బంకులు రెండు. ముద్దనూరు నుంచి వచ్చే బస్సు కూడా ఊళ్ళో రెండుచోట్ల ఆగేది. తూర్పువీధి వాళ్ళు ఒకచోట, పడమటివీధి వాళ్ళు ఇంకొకచోట దిగాలి. రెండు లేనిది ఒక్క చెన్నకేశవస్వామి గుడే. అక్కడ పూజ మా ఇంటిది. పొద్దున స్వామికి సేవ చేసి, పగలు జమ్మలమడుగు హైస్కూల్లో గుమాస్తాగా హెడ్మాస్టరుకు సేవ చేసేవాణ్ణి. రెండుచోట్లా చిన్న ఉద్యోగమే. పదో తరగతితో చదువు ఆపినవాడికి అంతకు మించి ఎందుకు.

తూర్పువీధికి రంగయ్య పెద్ద, పడమటివీధికి సిద్దయ్య. ఇద్దరివీ గొర్రెల మందలు కాచిన ఇళ్ళే, తర్వాత భూములు కొని సేద్యంలోకి దిగారు. వరసకు సిద్దయ్యకు రంగయ్య మామ అవుతాడు. తగాదా ముందు వచ్చింది, పార్టీలు తర్వాత వచ్చాయి. ఒకరు చెయ్యి గుర్తు పట్టుకున్నారు కాబట్టి రెండోవాళ్ళు సైకిలు గుర్తు పట్టుకున్నారు. అంతకు మించి రాజకీయం నాకు కనపడలేదు. గొడవ మొదలైంది మాత్రం తేరుతోనే. అప్పటికి తొమ్మిదేళ్ళ కిందట బ్రహ్మోత్సవంలో తేరు పడమటివీధిలోకి రాగానే కుడికి గుంజుకుపోయి సిద్దయ్య ఇంటి అరుగును కొట్టింది. కావాలనే గుంజారని వాళ్ళు, చక్రాలు అరిగాయని వీళ్ళు. మాట పెరిగి రాళ్ళయింది, రాళ్ళు పెరిగి నాటుబాంబులయ్యాయి. ఇద్దరు జైలుకు పోయారు, ఒకరికి చెయ్యి పోయింది. తేరు కొట్టంలోకి పోయింది.

ఆ తర్వాత ఏటేటా ఉత్సవమూర్తిని నా రెండు చేతుల్లో ఎత్తుకొని గుడి ప్రాకారం లోపలే మూడు చుట్లు తిప్పి, మళ్ళీ గర్భగుడిలో పెట్టేవాణ్ణి. తొమ్మిదేళ్ళు స్వామి వీధి చూడలేదు. వీధి చూడాలన్న కోరిక ఆయనకు ఉంటుందా, అది నా కోరికేనా అని అప్పుడప్పుడు అనుకొనేవాణ్ణి. ఎవరిదైనా, తీరేది కాదు గదా అని ఊరుకొనేవాణ్ణి.

ఎనభై ఎనిమిదిలో అది తీరే దారి కనపడింది. రెండు వీధులకూ విసుగొచ్చిందో, కోర్టు వాయిదాలకు తిరిగి కాళ్ళు నొప్పులు పుట్టాయో, తేరు లాగడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పందం మా ఊరి పద్ధతిలోనే జరిగింది. కొత్త చక్రాలు నాలుగు. ఎడమ పక్క రెంటికీ ఇనుప పట్టాలు రంగయ్య వేయిస్తాడు, కుడి పక్క రెంటికీ సిద్దయ్య వేయిస్తాడు. పోలీసులు ఒకే మాట చెప్పారు. ఈసారి తేరు దగ్గర చెయ్యి లేస్తే కొట్టానికి సీలు వేస్తారు, ఇక తెరవరు. ఆ కాగితం మీద ఇద్దరు పెద్దలతోపాటు నేనూ సంతకం పెట్టాను.

చెక్క చక్రాలు నాలుగూ ఒకే వడ్రంగి చేశాడు. అడ్డం ఆరడుగులు. ఆరడుగుల వెదురుకట్టె ఒకటి, ఇరుసు కొలవడానికి తొమ్మిదడుగుల వెదురుకట్టె ఒకటి కోసి, రెండు పార్టీల ముందర చక్రాల మీద పెట్టి చూపించాము. కట్టె సాగదు, కుంగదు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. ఆ రెండు కట్టెలూ గుళ్ళోనే నా కాపలాలో ఉంచారు.

చిక్కు చుట్టుకొలత దగ్గర వచ్చింది. పట్టా చక్రానికి సరిపోయేంత ఉండాలి. పొట్టిదైతే చెక్కను నొక్కి చక్రం చిన్నదవుతుంది, పొడుగైతే వదులై ఊడుతుంది. ఎడమా కుడీ తేడా వస్తే తేరు మళ్ళీ ఒకవైపు గుంజుతుంది. పైగా పట్టాలు చేసేది రెండు ఊళ్ళలో. రంగయ్య వాళ్ళకు ప్రొద్దుటూరు అలవాటు, అక్కడ అమీర్ బాషా కొలిమి. సిద్దయ్య వాళ్ళకు పులివెందుల, అక్కడ అలీ అహ్మద్ కొలిమి. ఒకరి బజారులో ఇంకొకరు కాలు పెట్టరు. కమ్మరులిద్దరూ మా ఊరికి రామన్నారు, కొలత కాగితం మీద పంపమన్నారు. వాళ్ళను తప్పు పట్టలేము.

మొదట దారం చుట్టి కొలిచారు. రంగయ్య మనిషి చుట్టి కొలిస్తే ఒకటి వచ్చింది. అతను దారాన్ని బిగబట్టాడన్నారు. సిద్దయ్య మనిషి చుట్టి కొలిస్తే రెండువేళ్ళు ఎక్కువ వచ్చింది. అతను వదులు చేశాడన్నారు. సాయంత్రం ఈ సంగతి చెబితే మా ఇంటావిడ రాజ్యలక్ష్మి బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే అంది.

"రెండు కొలతలూ కూడి సగం చేస్తే పోలా?"

చుట్టుకొలత ఏమన్నా పొట్టేలు మాంసమా సగం పంచడానికి, అది దేవుడిచ్చిన లెక్క, ఒక్కటే ఉంటుంది అని నేను గట్టిగానే అన్నాను. ఆమె చేట తట్టి లోపలికి పోయింది.

దారం పోయి లెక్క వచ్చింది. అడ్డాన్ని ఎంతతో హెచ్చిస్తే చుట్టు వస్తుందో అది ఇరవై రెండును ఏడుతో భాగిస్తే వచ్చే అంకె అని రంగయ్య అల్లుడు చెప్పాడు. ఆయన పోరుమామిళ్ళ పక్క బడిపంతులు. మూడు పాయింటు ఒకటి నాలుగు అని సిద్దయ్య తమ్ముడి కొడుకు ఇంటర్ పుస్తకం తెచ్చి చూపించాడు. ఆరడుగుల చక్రానికి ఈ రెండు లెక్కల తేడా జొన్నగింజంత. టేపులో అంగుళానికి పదహారు గీతలుంటాయి గదా. ఒకరి లెక్కకు పద్దెనిమిది అడుగుల పది అంగుళాల మీద నాలుగున్నర గీతలు, ఇంకొకరి లెక్కకు ఒక గీత దాటి కొంచెం. వారం తిరిగేసరికి ఊళ్ళో ఇరవై రెండు బై ఏడు తూర్పువీధి అంకె అయిపోయింది, మూడు పాయింటు ఒకటి నాలుగు పడమటివీధి అంకె అయిపోయింది. లెక్కల్లో ఎన్నడూ ముప్పై అయిదు మార్కులు దాటనివాళ్ళు కూడా ఆ అంకెల కోసం చొక్కాలు పట్టుకొనేదాకా పోయారు.

మా హైస్కూల్లో అప్పటికి ఏడాది కిందట సర్కారు పంపిన కంప్యూటర్ ఒకటి ఉండేది. దానికి పట్టుగుడ్డ కప్పి, ఆయుధపూజ నాడు నేనే కుంకుమ పెట్టాను. దాన్ని ముట్టుకొనేది లెక్కల మాస్టరు యజ్ఞనారాయణగారొక్కరే. మా ఊరి గోడు చెప్పుకొంటే ఆయన నవ్వి, ఇద్దరి అంకెలూ ఉజ్జాయింపులే అన్నాడు. అసలు అంకెను 'పై' అంటారట, దానికి చివర లేదట. కంప్యూటర్ చేత తీయిస్తాను, చెయ్యి తగలని లెక్క, ఇద్దరినీ పిలవండి అన్నాడు.

పిలిచే ముందు రెండు శనివారాలు నన్నే కూర్చోబెట్టి నేర్పాడు. దాని భాష పేరు బేసిక్. కొత్తగా నేర్చుకొనేవాళ్ళ కోసమే చేశారట. నాలాంటివాడికే అర్థమైందంటే నిజమే అయ్యుండాలి. ప్రతి వాక్యానికీ ముందు ఒక నంబరు. ఒకటి, రెండు అని కాదు, పది, ఇరవై, ముప్పై అని. ఎందుకంటే మధ్యలో ఏదన్నా మరిచిపోతే పదిహేను అని వేసి దూర్చుకోవచ్చు. మనిషి మరుపును ముందే క్షమించి చోటు వదిలిన ఆ పద్ధతి నాకు శానా నచ్చింది. చివరి వాక్యంలో ముప్పైకి పో అంటే మళ్ళీ ముప్పైకి పోతుంది. ఎందుకని అడగదు, అలసిపోదు. ప్రదక్షిణం అంటే అట్లా చేయాలనిపించింది నాకు. నేను గుడి చుట్టూ తిరిగేటప్పుడు బియ్యం ధర గుర్తొస్తుంది.

లెక్క కూడా తేలికైనదే. నాలుగు తీసుకో. నాలుగును మూడుతో భాగించి అందులో తీసెయ్. నాలుగును అయిదుతో భాగించి కలుపు. ఏడుతో భాగించి తీసెయ్, తొమ్మిదితో భాగించి కలుపు. అట్లా బేసి అంకెలన్నీ వరుసగా, ఒకసారి తీసివేత, ఒకసారి కూడిక. పోయేకొద్దీ ఆ 'పై' అంకెకు దగ్గరవుతుంది. వేల సార్లు తిరిగితే గాని గట్టి అంకె తేలదు, కాని కంప్యూటర్‌కు అదెంత, టీ తాగినంతసేపట్లో అయిపోతుంది అన్నాడు మాస్టరు. ఆయన మా ఊరివాళ్ళను ఇంకా చూడలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదికి రెండు జీపులు వచ్చి బడి ముందర ఎడంగా నిలబడ్డాయి. కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రాకూడదని మాస్టరు నియమం. చెప్పులతోపాటు చేతిలో ఉన్నవీ, నడుముకున్నవీ జీపుల్లోనే పెట్టి రమ్మని నేను బతిమాలాను. పెట్టారు. రంగయ్య తెర ముందర నిలబడి దాన్ని అటూ ఇటూ చూశాడు.

"ఇది ఎవురి మనిషి సామీ?"

"దీనికి ఓటుహక్కు లేదు రంగయ్యా," అన్నాను.

ఆ మాటతో కొంచెం నెమ్మదించాడు. కాని ఓటు అన్న మాటే మా కొంప ముంచింది. ఇద్దరూ పంచాయతీ ఎన్నికల్లో తమ ఏజెంట్లుగా కూర్చున్న వాళ్ళనే తెచ్చారు. రంగయ్య తరఫున చిన్నసుబ్బయ్య, సిద్దయ్య తరఫున పీర్ సాహెబ్. వాళ్ళకు తెలిసిన లెక్కింపు ఒక్కటే, ఓట్ల లెక్కింపు. ప్రతి రౌండుకూ ఆపాలి, తెర మీది అంకెను ఇద్దరూ చూడాలి, ఇద్దరూ రాసుకోవాలి, ఒకరి కాగితం ఇంకొకరు సరిచూసుకోవాలి, సంతకాలు పెట్టాలి, అప్పుడు తర్వాతి రౌండు. అట్లయితేనే ఒప్పుకుంటామన్నారు. మాస్టరు తల పట్టుకొని, మీట నొక్కితే గాని ముందుకు పోకుండా నలభై అయిదో నంబరు వాక్యం ఒకటి దూర్చాడు. మరుపుకు వదిలిన చోటు అనుమానానికి పనికొచ్చింది.

మొదటి అంకె 4. రంగయ్య పక్క మొహాలు వెలిగాయి, వాళ్ళది పెద్ద అంకె గదా. రెండోది 2.6667. అంకె దిగింది గనక సిద్దయ్య పక్క మీసాలు సర్దుకోవడాలు. మూడోది 3.4667, మళ్ళీ తూర్పువీధి పైన. నాలుగోది 2.8952. అట్లా ఒకసారి వీళ్ళు, ఒకసారి వాళ్ళు. పదో రౌండుకు 3.0418, పదకొండుకు 3.2323. రౌండు రౌండుకూ ఆధిక్యత మారే లెక్కింపు మా జిల్లాలో ఎవరూ చూసుండరు. బయట జీపుల దగ్గరున్న వాళ్ళకు కిటికీలోంచి ఒకడు కేకేసి చెబుతున్నాడు. నేను తెచ్చిన చద్దిపెట్టెలోని పులిహోర రెండు పార్టీలూ తిన్నాయి. అది గుడి ప్రసాదం కాబట్టి ఎవరి ఇంటిదీ కాదని వాళ్ళు సమాధానపడ్డారు. నిజానికి అది రాజ్యలక్ష్మి నాకు కట్టిచ్చిన అన్నం.

రౌండుకు మూడు నిమిషాలు. మధ్యాహ్నం దాటింది. అంకెలు ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి. ఈ ఊగులాట చూస్తూ నాకు ఒక ఆలోచన వచ్చింది. మా రాజ్యలక్ష్మి గాజులోనూ ఇదే అంకె, ఊళ్ళోని బావి ఒరలోనూ ఇదే అంకె, పూజపళ్ళెంలోనూ ఇదే. ఇంత చిన్న వస్తువుల్లో చివరలేని అంకెను దాచిపెట్టి, మనకు జొన్నగింజంత తేడాలో తలలు పగలగొట్టుకొనే బుద్ధి ఎందుకిచ్చాడు స్వామి? అడిగితే చెప్పేవాడు కాదు గనక అడగలేదు.

మూడు గంటలకు కరెంటు పోయింది.

ముద్దనూరు దగ్గర పెద్ద కరెంటు ఫ్యాక్టరీ కడతారని అప్పుడు అందరూ చెప్పుకొనేవాళ్ళు, కాని చెప్పుకుంటే తెర వెలగదు గదా. మాస్టరు మెల్లిగా అసలు సంగతి చెప్పాడు. కరెంటు పోతే దాని మెదడులో ఉన్నదంతా తుడిచిపెట్టుకు పోతుంది. మళ్ళీ ఒకటో రౌండు నుంచి మొదలుపెట్టాలి. ఉత్సవానికి పన్నెండు రోజులే ఉన్నాయి. కమ్మరులకు పట్టాలు చేయడానికే పది రోజులు కావాలి.

మిగిలింది ఏజెంట్ల కాగితాలు. నూరో రౌండు 3.1315929. నూటొకటో రౌండు 3.1514934. నూటొకటో రౌండు సంతకాలు కూడా అయిపోయాయి, చివరి ఫలితం అదే, గెలిచింది మేమేనని చిన్నసుబ్బయ్య లేచాడు. ఇద్దరికీ సమానంగా యాభై యాభై రౌండ్లు అయ్యేది నూరుకే, నూటొకటి లెక్కలోకి రాదని పీర్ సాహెబ్ లేచాడు. వెనక కూర్చున్నవాళ్ళు కూడా లేచారు. కిటికీ దగ్గరివాడు జీపుల వైపు చూశాడు. నాకు కొట్టం తలుపు మీద లక్క సీలు కళ్ళకు కట్టింది. తొమ్మిదేళ్ళూ నేను చేతుల్లో ఎత్తుకొన్న ఆ పంచలోహ విగ్రహం బరువు మోచేతుల్లోకి వచ్చింది.

అప్పుడే చేట చప్పుడు గుర్తొచ్చింది.

రెండు కాగితాలూ ఇమ్మన్నాను. బల్ల మీద పెట్టుకొని రెండు అంకెలూ కూడి సగం చేశాను. సగం చేయడం అందరికీ వచ్చిన లెక్క కాబట్టి అందరూ వంగి చూశారు. 3.1415431 వచ్చింది.

యజ్ఞనారాయణగారు నా చేతిలోంచి కాగితం లాక్కున్నంత పని చేశాడు. తనకు తెలిసిన 'పై' అంకె 3.1415926 అట. కిటికీ దగ్గరకు పోయి వెలుతురులో మళ్ళీ చూశాడు. తర్వాత నల్లబల్ల మీద పది, పదకొండు రౌండ్లవి వేసి సగం చేశాడు, 3.1370 వచ్చింది. వేల రౌండ్లు తిరిగితే గాని దొరకదనుకొన్నది పక్కపక్క రెంటిని సగం చేస్తే నూరు రౌండ్లకే దొరుకుతోంది. ఇది ఎక్కడ నేర్చుకున్నారని నన్ను అడిగాడు. మా ఇంట్లో అన్నాను.

టేపు గీతల్లోకి మారిస్తే పద్దెనిమిది అడుగుల పది అంగుళాల మూడు గీతలు.

"అంటే మేం గెల్చినట్టా, ఓడినట్టా?" అన్నాడు రంగయ్య.

"నువ్వు గీతన్నర దిగినావు రంగయ్యా. సిద్దయ్య గీతన్నర ఎక్కినాడు, రవ్వంత ఎక్కువే."

సిద్దయ్య నల్లబల్ల వైపు చూసి అన్నాడు. "ఎక్కినోనికి నష్టం ఏముండాది. రాయి సామీ."

రెండు కాగితాల మీదా ఒకే కొలత రాసి, రెండు జీపులకూ ఇచ్చాను. చెప్పులు వేసుకొనేటప్పుడు గుమ్మం దగ్గర కొంచెం గందరగోళం అయింది. ఒకే అంగడిలో కొన్న ఒకే రకం చెప్పులు, ఎవరివి ఎవరివో తెలియక కాసేపు వెతుక్కున్నారు.

నేను రెండు ఊళ్ళకూ పోయాను, పట్టాలు చూడాలి గదా. ప్రొద్దుటూరులో అమీర్ బాషా నా కాగితం చదివి, ఇంత లెక్క ఎందుకు సామీ, మా నాయన చక్రాన్ని ఒక చుట్టు దొర్లించి నేల మీద గీత గీసేవాడు, అంతే అన్నాడు. దొర్లించేది ఎవరి మనిషి అని అడిగాను. ఆయన ఆలోచించి, అయితే కాగితమే మంచిది అన్నాడు. పులివెందులలో అలీ అహ్మద్ ఏమీ అడగలేదు. కొలత కంటే వేలెడు తగ్గించి కోసి, ఎర్రగా కాల్చి సాగదీసి తొడగాలని, నీళ్ళు పోస్తే అదే బిగుస్తుందని, ఆ తగ్గింపు రెండుచోట్లా ఒకటే ఉండేట్టు అమీర్ బాషాకు తానే కార్డు రాస్తానని చెప్పాడు. కమ్మరుల మధ్య పార్టీలు ఉన్నట్టు లేవు.

ఉత్సవం నాడు మధ్యాహ్నం తేరు కదిలింది. నేను పైన స్వామి పక్కన ఉన్నాను. తూర్పువీధిలో నిటారుగా పోయింది. పడమటివీధిలో సిద్దయ్య అరుగు దగ్గరకు వచ్చేసరికి వంగి కుడిచక్రం వైపు చూశాను. తేరు అరుగుకు నాలుగడుగుల ఎడంతో, తాడు పట్టి గీసినట్టు పోయింది. కొబ్బరికాయలు కొట్టారు. అరుగు మీద సిద్దయ్య భార్య చిన్నసుబ్బమ్మ హారతి పట్టుకొని ఏడుస్తోంది. స్వామి మొహంలో ఏమన్నా కనిపిస్తుందేమో అని చూశాను. పూలదండలు అడ్డం ఉన్నాయి.

నాలుగు వీధులూ తిరిగి గుడి ముందర నిలిచింది. దిగి ప్రసాదాలు పంచుదామనుకొంటుండగా కింద గొంతులు లేచాయి. చిన్నసుబ్బయ్య, పీర్ సాహెబ్ ఏజెంట్ల పని వదల్లేదు. చక్రాలకు పసుపు గుర్తు పెట్టి, ఒకరు ఎడమ పక్క, ఒకరు కుడి పక్క నడుస్తూ, చుట్లు లెక్కబెట్టారు. ఎవరూ చెప్పలేదు, అలవాటైపోయింది. ఎడమ చక్రం నూట నలభై ఏడు చుట్లు. కుడి చక్రం నూట నలభై నాలుగు.

"ఒకే వీధి, ఒకే తేరు," అన్నాడు సిద్దయ్య. "తిరుగుడు ఎక్కువంటే చక్రం చిన్నది. ఆ పక్క పట్టా మూడు గీతలది కాదు సామీ. మోసం."

మాటలో తప్పేమీ లేదు. చిన్న చక్రమే ఎక్కువ తిరగాలి. రంగయ్య మొహం నల్లబడింది. ఆయన మనుషులు భుజాల మీది తువ్వాళ్ళు నడుముకు చుట్టుకొంటున్నారు. నేను తేరు దిగేటప్పటికి మధ్యలో నలుగురు పోలీసులు వచ్చి నిలబడ్డారు. ఆరడుగుల కట్టె తెచ్చి కొలుద్దామంటే పట్టా ఎక్కిన చక్రానికి అది ఇప్పుడు సరిపోదు, ఇంకో గొడవ. స్వామీ, ఇంత దూరం తెచ్చి ఇక్కడ వదిలేస్తావా అనుకుంటూ ధ్వజస్తంభం వైపు చూశాను. ఎవరో ఆడమనిషి బిడ్డ చెయ్యి పట్టుకొని దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తోంది. తల్లి స్తంభం పక్కన మెల్లిగా నడుస్తోంది. బయటి పక్కనున్న బిడ్డ తల్లిని అందుకోవడానికి పరుగెత్తుతోంది.

లోపలికి పోయి తొమ్మిదడుగుల కట్టె తెచ్చాను. అది ఇరుసు పొడుగు. ఒక కొస రంగయ్య చేతికిచ్చాను, ఒక కొస సిద్దయ్య చేతికిచ్చాను.

"ధ్వజస్తంభం చుట్టూ ఒక చుట్టు తిరగండి. సిద్దయ్యా, నువ్వు కుడిచక్రం, స్తంభం పక్కన నడువు. రంగయ్యా, నువ్వు ఎడమచక్రం. కట్టె వంకర పోకూడదు. అడుగులు ఏజెంట్లు లెక్కబెడతారు."

దేవుడి ముందర కట్టె కింద పడేయడం బాగుండదని ఇద్దరూ నడిచారు. సిద్దయ్య అడుగు అడుగు వేస్తున్నాడు. రంగయ్యది అరవై దాటిన ఒళ్ళు. బయటి పక్క ఆయనకు పరుగు తప్పలేదు. కట్టె వెనక్కి వంగితే జనం కేకేస్తున్నారు.

"ఇది అన్యాయం సామీ. ఆయప్ప నిలబడే తిరుగుతాండాడు, నేను ఉరకల్ల."

"మెల్లిగా నడువు మామా," అన్నాడు సిద్దయ్య. "కట్టె విరుగుతాది."

మామా అన్నది అందరికీ వినపడింది. అన్న మనిషికి కూడా ఆలస్యంగా వినపడినట్టుంది, తల వంచుకొని నడిచాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన నోట రంగయ్య పేరు 'ఆ మనిషి', 'ఆ పెద్దాయప్ప', ఇట్లానే వచ్చేది.

చుట్టు పూర్తయ్యేసరికి సిద్దయ్యవి ఎనిమిది అడుగులు, రంగయ్యవి ముప్పై. నేను ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. తేరు ప్రతి మూలలోనూ కుడికే తిరిగింది, ఎడమ పక్క వాళ్ళే బయట నడిచారు. చక్రం ఎంత పెద్దదైనా బయట నడిచేవాడికి నడక ఎక్కువ. సిద్దయ్య చక్రం వైపు, కట్టె వైపు, ఆయాసపడుతున్న రంగయ్య వైపు మార్చి మార్చి చూశాడు.

"అయితే మూడే ఎందుకు ఎక్కువ?" అని అడిగాడు పీర్ సాహెబ్. మంచి ఏజెంటు.

ఉత్సవానికి వచ్చిన యజ్ఞనారాయణగారు ముందుకొచ్చి మట్టిలో వేలితో రాశాడు. బయటివాడికి ఎక్కువ వచ్చే నడక కట్టెకు రెండింతలు, ఇంటూ పై. చక్రం ఒక చుట్టుకు పోయేది ఆరడుగులు ఇంటూ పై. ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే 'పై' పైనా కిందా ఉండి కొట్టేసుకు పోయింది. మిగిలింది పద్దెనిమిది బై ఆరు. మూడు. ఇరవై రెండు బై ఏడు వేసినా మూడే, మూడు పాయింటు ఒకటి నాలుగు వేసినా మూడే. చివరలేని ఆ అంకె కోసం ఒక పగలంతా కూర్చున్నాము. అసలు అవసరం పడ్డ చోట అది తనంతట తాను తప్పుకుంది.

సిద్దయ్య మట్టిలోని అంకెను చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అంటే స్వామి సేవలో వాళ్ళు మూడు చుట్లు మాకంటే ఎక్కువ నడిచినట్టు గదా సామీ?"

"నడిచినట్టే."

"వచ్చే ఏడు ఎడమ పక్క మాది."

"తీసుకో అల్లుడా," అన్నాడు రంగయ్య, ధ్వజస్తంభం అరుగు మీద కూలబడి మోకాళ్ళు రుద్దుకొంటూ. "ఏడు ఇడిసి ఏడు. నా ఒల్ల కాదు."

పోలీసులు ప్రసాదం తీసుకొని పోయారు. ఏజెంట్లు మాత్రం ఊరుకోలేదు. కాగితం అడిగి, ఎడమ నూట నలభై ఏడు, కుడి నూట నలభై నాలుగు, వచ్చే ఏడు పక్కలు మారుట అని రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి నాకిచ్చారు. దాన్ని స్వామి పీఠం కింద ఉంచాను.

ఇంటికొచ్చి రాజ్యలక్ష్మికి అంతా చెప్పాను, సగం చేసే లెక్క ఆమెదేనని కూడా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఆ రోజు పులిహోర రెండు పార్టీలూ తిన్నాయా, నాకేమన్నా మిగిలిందా అని అడిగింది. సగం మిగిలిందన్నాను. అది అబద్ధం. అంతా వాళ్ళే తిన్నారు.